ఈదేవారి మెడనొప్పి, భుజంనొప్పి – ఈత మానవలసిందేనా?

మెడనొప్పితోనో భుజంనొప్పితోనో నా వద్దకు వచ్చిన ప్రతి రోగినీ, నాడి పట్టకముందే ఒక ప్రశ్న అడుగుతాను: "రోజంతా మీరు చేసే పని ఏమిటి? ఆ పని చేసేటప్పుడు మీ తల ఎటు తిరిగి ఉంటుంది?" నలభై ఏళ్లుగా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. కాని అదే నొప్పి నా మెడకు వచ్చినప్పుడు, ఆ ప్రశ్నను నాకు నేను వేసుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఈ వ్యాసం ఆ పద్నాలుగు నెలల అనుభవసారం. మోకాళ్ల నొప్పుల కోసమో, మధుమేహం కోసమో, మనశ్శాంతి కోసమో నడివయసులో ఈత మొదలుపెట్టినవారు నేడు ఎందరో ఉన్నారు. వారిలో కొందరికి కొంతకాలానికి మెడ పట్టేస్తుంది, చేయి పైకి లేవదు. "ఆరోగ్యం కోసం మొదలుపెడితే అనారోగ్యం వచ్చిందే, ఇక మానేద్దామా?" అని సందేహిస్తారు. అట్టివారికి ఈ నాలుగు మాటలు ఉపయోగపడగలవని ఆశిస్తున్నాను.

కాలువ నేర్పిన ఈత

మా గురుకులం కోనసీమలో ఒక పంటకాలువ గట్టున ఉండేది. 1976లో, నా పదిహేడవ ఏట, నేను అక్కడ చేరాను. చీకటితోనే లేచి కాలువలో ఈది, స్నానం చేసి, తడి ఆరేలోగా సుశ్రుతాన్ని వల్లె వేయడం మాకు నిత్యవిధి. ఔషధాల కోసం అవతలి గట్టుకు వెళ్లవలసిన రోజున పొడిబట్టలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని కాలువ దాటేవాళ్లం. తల మునిగితే మూట తడుస్తుంది. కనుక తల పైకెత్తి, గడ్డం నీటికి ఆనకుండా ఈదడమే మాకు తెలిసిన ఈత. కాలువల్లో, చెరువుల్లో, దిగుడుబావుల్లో ఈత నేర్చిన మన తరంవారు అనేకులు ఇట్లాగే ఈదుతారు.

తరువాత రాజమహేంద్రవరంలో వైద్యవృత్తిలో స్థిరపడ్డాను. రోగులను చూడటం, మందులు నూరించడం తప్ప దేహానికి వేరే శ్రమ లేకపోయింది. 2015లో మోకాళ్లు బరువెక్కినట్లు తోచి, ఇంటికి దగ్గరలో ఉన్న 25 మీటర్ల ఈతకొలనులో చేరాను. రోజుకు 40 పర్యాయాలు, అంటే 1000 మీటర్లు, నా కాలువ ఈతతోనే ఈదేవాడిని. శరీరం తేలికపడింది. నిద్ర బాగా పట్టేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కొలనులు మూతపడ్డాయి. కరోనా రెండవ కెరటం కూడా తగ్గిన తరువాత, 2021 నవంబరులో గాని నేను మళ్లీ నీటిలో దిగలేదు. దిగిన మొదటి రోజునే, మధ్యలో విరామం లేనట్లుగా, పాత లెక్క ప్రకారం 40 పర్యాయాలు ఈదాను. వయసు 62. ఇరవై నెలలు పని లేని కండరాలు. వేరొకరు ఇట్లా చేసి ఉంటే నేనే మందలించి ఉండేవాడిని.

మూడవ వారానికి కుడివైపు మెడ పట్టేసింది. నెల తిరిగేసరికి నొప్పి మెడనుండి భుజశిరస్సు దాకా దిగింది. ఉదయం లేస్తూనే తల కుడివైపు తిరిగేది కాదు. చొక్కా చేయి తొడుక్కోవడం కష్టమైంది.

తైలం మీద తైలం

ఔషధాలకు లోటు లేని ఇల్లు నాది. మహానారాయణ తైలంతో అభ్యంగం చేయించుకున్నాను. వావిలాకు మూటలతో స్వేదం పెట్టించుకున్నాను. రాస్నాది క్వాథం సేవించాను. పది రోజుల్లో గుణం కనిపించేది. గుణం కనిపించిన మరునాడే కొలనుకు వెళ్లేవాడిని. వారం తిరగకుండా నొప్పి యథాస్థానానికి వచ్చేది. తైలం మార్చాను. క్వాథం మార్చాను. మార్చనిది ఒక్కటే, నా ఈత.

2023 జనవరి నాటికి మందుల బీరువాలో పై అరమీది సీసా అందుకోవడానికి ఎడమచేయి వాడవలసి వచ్చింది. ఒకనాడు రోగి నాడి పట్టి ఉండగా నా కుడిచేయి అలసటతో వణికింది. రోగి గమనించలేదు గాని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వైద్యుడికి నాడి చూసే చేయి పోతే మిగిలేదేమిటి? ఈత మానేయాలని నిశ్చయించుకున్నాను.

మరునాడు ఆదివారం. మా మనుమరాలికి పదకొండేళ్లు. అదే కొలనులో శిక్షకుని వద్ద ఈత నేర్చుకుంటోంది. ఆమెను తీసుకువెళ్లి, చివరిసారిగా అనుకుంటూ నేనూ దిగాను. ఒడ్డున కూర్చుని నన్ను చూసిన ఆ పిల్ల అడిగింది: "తాతగారూ, మీరు ఈదుతున్నంతసేపూ ఆ గోడ గడియారాన్నే ఎందుకు చూస్తారు? మా సార్ కొలను అడుగున ఉన్న నల్లగీతను చూడమంటారు."

నేను చూస్తున్నది గడియారాన్ని కాదు. తల పైకెత్తి ఉన్నందువల్ల ఎదురుగోడమీద ఉన్న గడియారమే నా కంటికి కనబడేది. రోజుకు నలభై నిమిషాలు, బోర్లా పడుకుని, తల వెనుకకు విరిచి, గోడను చూస్తున్నానన్నమాట. నెత్తిమీద బట్టలమూట లేదు. అయినా మూట మోస్తూనే ఉన్నాను.

శాస్త్రం ముందే చెప్పింది

ఆ సాయంత్రం సుశ్రుతసంహిత నిదానస్థానం తీశాను. వాతవ్యాధులను చెప్పే మొదటి అధ్యాయంలోనే మన్యాస్తంభం ఉంది. మన్యా అంటే మెడ పార్శ్వభాగం. అది స్తంభించడమే మన్యాస్తంభం. పగటినిద్ర, కూర్చోవడంలోను నిలబడటంలోను వైషమ్యం, ఊర్ధ్వనిరీక్షణం – అంటే తల ఎత్తి పైకి చూడటం – దీనికి కారణాలని అక్కడ చెప్పబడింది. కఫంతో కూడిన వాతం మెడను పట్టివేస్తుందని దాని సంప్రాప్తి. పదిహేడవ ఏట కాలువగట్టున తడిబట్టలతో నేను వల్లె వేసిన పాఠమే అది. చదివిన నోటితోనే తల ఎత్తి ఈదాను.

ఇంకొక మాట. వాతప్రకోప కారణాలను చెబుతూ చరకుడు చికిత్సాస్థానంలో లంఘనం, ప్లవనం, అతివ్యాయామం మొదలైనవాటిని పేర్కొన్నాడు. సుశ్రుతుడు సూత్రస్థానంలో ప్లవనంతోపాటు తరణాన్ని, అంటే నీటిలో ఈదడాన్ని, వేరుగా చెప్పాడు. దీనిని బట్టి ఈత చెడ్డదని భావించకూడదు. బలాన్ని మించి, పద్ధతి తప్పి చేసినప్పుడు ఈత కూడా వాతకారకమే అవుతుందని తాత్పర్యం. వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయాలని ఆచార్యులు నియమం పెట్టింది అందుకే. నుదుట చెమట, నోరు ఎండటం అర్ధశక్తికి గుర్తులు. నీటిలో ఉన్నవాడికి చెమట తెలియదు. కనుక ఈదేవాడు శ్వాసనే కొలతగా పెట్టుకోవాలి. గోడ తాకినప్పుడు ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా పలకలేకపోతే అర్ధశక్తి దాటినట్లే.

మెడనొప్పి భుజానికి ఎందుకు దిగుతుంది? మెడకు, బాహుశిరస్సుకు నడుమ అంసమర్మం ఉంది. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాలలో అది ఒకటి. భుజాన్ని మెడతో బంధించే స్థానమది. దానికి దెబ్బ తగిలితే చేయి స్తబ్ధమవుతుందని శాస్త్రం. వాతం అంసప్రదేశంలో చేరి అక్కడి బంధనాలను శోషింపజేస్తే, చేయి పైకెత్తలేని అవబాహుకం ఏర్పడుతుంది. మన్యాస్తంభాన్ని నిర్లక్ష్యం చేసి, అవబాహుకం వాకిలిదాకా నేను నడిచి వెళ్లాను.

ఆధునికులు చెప్పేది

ఈ విషయంలో పాశ్చాత్యవైద్యం చెప్పేది మన శాస్త్రానికి విరుద్ధం కాదు. ఈదేవారి భుజంనొప్పికి 1974లో కెనెడీ, హాకిన్స్ అనే వైద్యులు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి వర్ణించారు. ఇంగ్లీషులో దానిని 'స్విమ్మర్స్ షోల్డర్' అంటారు. భుజం కీలును నాలుగు చిన్న కండరాలు చుట్టి పట్టి ఉంచుతాయి. చేయి తలపైకి లేచిన ప్రతిసారీ, వాటిలో పైనున్న కండరపు స్నాయువు, భుజాగ్రాన ఉన్న ఎముకకు దిగువన ఇరుకుదారిలో కదులుతుంది. కండరాలు అలసినా, రెక్క ఎముక తన చోటు తప్పినా, ఆ స్నాయువు ఒరుసుకుని వాచే స్థితి వస్తుంది.

ఎన్నిసార్లు ఒరుసుకుంటుందో లెక్క చూడండి. ఫ్రీస్టైల్ ఈదేవారు 25 మీటర్లకు ఒక్కొక్క చేతిని సుమారు పదిసార్లు తిప్పుతారనుకుందాం. 40 పర్యాయాలకు ఒక్కొక్క భుజం 400 సార్లు తిరుగుతుంది. వారానికి ఐదు రోజులైతే 2000 సార్లు. తిరిగే తీరులో చిన్న దోషం ఉన్నా అది 2000 సార్లు గుణింపబడుతుంది.

నా వద్దకు వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని విషయం దీనికి చక్కని ఉదాహరణ. వయసు 44. ఈత నేర్చి రెండేళ్లు. ఎడమభుజం నొప్పి, కుడివైపు మెడ పట్టు. ఆమెను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, ఈదుతున్నట్లు చేతులు ఆడించమన్నాను. ప్రతిసారీ కుడివైపే తల తిప్పి శ్వాస తీసుకుంటోంది. పైగా శ్వాసకోసం తలను ఎత్తుతోంది. ఆ క్షణంలో భారమంతా ముందుకు చాచిన ఎడమచేతిమీద పడుతోంది. నొప్పి ఉన్న చోటు, దోషం ఉన్న చోటు ఒకటి కావు. కుడివైపు శ్వాసను ఎడమభుజం భరిస్తోంది. ఆమెకు నేనిచ్చిన తైలం నొప్పిని తగ్గించింది. శ్వాస మార్చుకున్న తరువాతనే నొప్పి మళ్లీ రావడం ఆగింది.

నీటిలో సరిచూసుకోవలసినవి

నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం, చికిత్సలో మొదటి మెట్టు. ఈదేవారికి ఆ మెట్టు నీటిలోనే ఉంది.

1. చూపు కొలను అడుగుమీద ఉండాలి. మెడ వెనుకభాగం నిలువుగా సాగి ఉండాలి గాని ముడత పడకూడదు.

2. ఫ్రీస్టైల్‌లో శ్వాసకు తలను ఎత్తకూడదు. మొండెంతోపాటు తలకూడా పక్కకు దొర్లాలి. ఒక కన్ను నీటిలో, ఒక కన్ను పైన ఉంటే చాలును. మూడు చేతి విసుర్లకొకసారి శ్వాస తీసుకుంటే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతాము. మెడకు రెండువైపులా సమానమైన పని.

3. చేయి తలకు ఎదురుగా, మధ్యరేఖను దాటి నీటిలో దిగకూడదు. భుజానికి సూటిగా దిగాలి. బొటనవేలు ముందుగా దించే అలవాటు భుజాన్ని లోపలికి మెలిపెడుతుంది.

4. కప్పలా కాళ్లు విదిల్చే బ్రెస్ట్ స్ట్రోక్‌లో రొమ్ము పైకి లేచినప్పుడు తల దానితోపాటు లేవాలి. వెంటనే దానితోపాటు నీటిలోకి దిగాలి. నావలె తలను పైనే నిలిపి ఉంచకూడదు.

5. కిక్ బోర్డును చాచిన చేతులతో పట్టుకుని, తల పైకెత్తి కాళ్లు ఆడించడం నొప్పి ఉన్నవారికి తగదు. అరచేతులకు తొడిగే పలకలు కూడా వద్దు.

6. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు చేతులకు రెండు వారాలు విశ్రాంతి ఇవ్వాలి. అంతమాత్రాన నీటికి దూరం కానక్కరలేదు. రొమ్ములోతు నీటిలో నడవవచ్చు. చేతులు పక్కన పెట్టుకుని వెల్లకిలా తేలుతూ కాళ్లు ఆడించవచ్చు.

నేను మళ్లీ మొదలుపెట్టినప్పుడు రోజుకు 200 మీటర్లతో ఆరంభించి, వారానికి పదోవంతుకు మించి పెంచలేదు. అరవై దాటినవాడు పదకొండేళ్ల పిల్ల పక్కన నిలబడి శిక్షకుని వద్ద శ్వాస తీసుకోవడం నేర్చుకున్నాడు. మొదటి వారం ముక్కులోకి నీరు పోయి ఉక్కిరిబిక్కిరి అయ్యాను. సిగ్గు పడవలసిన పని కాదది. అంతకుముందు పద్నాలుగు నెలలే సిగ్గుపడవలసినవి.

ఇంటి చికిత్స

వావిలి తైలం: వావిలాకును కడిగి నూరిన ముద్ద 100 గ్రాములు, నువ్వులనూనె 400 మి.లీ., వావిలాకు రసం 1600 మి.లీ. ఒక వెడల్పాటి పాత్రలో కలిపి, సన్నని సెగమీద కలుపుతూ కాచాలి. తడి ఇగిరి, నూనెలో నురగ పుట్టినప్పుడు ముద్దను కొంచెం తీసి వేళ్ల నడుమ నులమాలి. వత్తివలె సాగి, మంటలో వేసినప్పుడు చిటపటలాడకపోతే పాకం వచ్చినట్లు. వడకట్టి సీసాలో భద్రపరచాలి. చేసుకునే తీరిక లేనివారు మహానారాయణ తైలం, మహామాష తైలం వంటివి నమ్మకమైన చోట కొనుక్కోవచ్చు.

అభ్యంగం: గోరువెచ్చని తైలాన్ని చెవి వెనుకనుండి భుజాగ్రందాకా, రెక్క ఎముక చుట్టూ, పది పదిహేను నిమిషాలు మెత్తగా రాయాలి. మర్మస్థానాలమీద మోచేత్తో నొక్కడం, మెడను విరవడం కూడదు. క్షౌరశాలలో మెడ పటుక్కుమనిపించే అలవాటు చాలా ప్రమాదకరం. మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళాలకు దానివల్ల హాని కలగవచ్చు. అభ్యంగం సాయంత్రం చేయండి. ఒంటికి నూనెతో కొలనులో దిగడం తోటివారికి, కొలనుకు కూడా మంచిది కాదు.

స్వేదం: వావిలాకు, ఆముదపాకు, చింతాకు, మునగాకు, దొరికినవి సమభాగాలుగా తరిగి, పసుపు, సైంధవ లవణం, రెండు నిమ్మచెక్కలు చేర్చి కొద్ది నువ్వులనూనెలో వేయించి, పలుచని నూలుగుడ్డలో మూటకట్టాలి. తైలం రాసిన చోట ఓర్చుకోగల వేడితో పావుగంట కాపడం పెట్టాలి. మధుమేహంవల్ల చర్మానికి స్పర్శ తగ్గినవారు తమంతట తాము కాపడం పెట్టుకోకూడదు. వేరొకరు తమ చేతిపై వేడి చూసి పెట్టాలి. భుజం ఎర్రబడి, వేడిగా వాచి ఉంటే స్వేదం పనికిరాదు.

నస్యం: మెడకు పైభాగపు వ్యాధులలో నస్యం ప్రధానం. అవబాహుకానికి నస్యాన్ని, భోజనానంతర స్నేహపానాన్ని హితమని వాగ్భటుడు చెప్పాడు. అణుతైలం ముక్కుకు రెండేసి చుక్కలు నిత్యం వేసుకోవచ్చు. కాని ఈదేవారు ఒక్క నియమం మరవకూడదు. స్నానం చేయబోయే ముందు గాని, చేసిన వెంటనే గాని నస్యం నిషిద్ధం. ఉదయం ఈదేవారు సాయంత్రం వేసుకోవాలి. జలుబు, జ్వరం ఉన్నప్పుడు మానాలి.

ఆహారం: రూక్షం, శీతం వాతాన్ని పెంచుతాయి. కొలనునుండి వస్తూనే చల్లని పానీయాలు తాగడం, తడితలతో ఫ్యాను కిందనో ఏసీ గదిలోనో కూర్చోవడం మానాలి. తల తుడుచుకుని, మెడచుట్టూ పొడితువాలు కప్పుకోండి. మినుము వాతహరం, బృంహణం. మధుమేహం లేనివారు నేతితో చేసిన సున్నుండ ఒకటి తినవచ్చు. రాత్రివేళ నాలుగైదు వెల్లుల్లి రేకలను గ్లాసెడు పాలు, గ్లాసెడు నీటిలో వేసి, పాలు మిగిలేదాకా కాచి తాగడం పాతకాలపు మంచి యోగం. ఆమ్లపిత్తం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు దీనిని వాడకూడదు. గుగ్గులు యోగాలు, అశ్వగంధ వంటివి ప్రకటన చూసి కొనక, వైద్యుని అడిగి మాత్రమే వాడాలి. ఇతర మందులు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

శయ్య: బోర్లా పడుకోకూడదు. తలగడ భుజం ఎత్తుకు మించకూడదు. నొప్పి ఉన్న పక్కకు తిరగక, రెండవ పక్కకు తిరిగి, నొప్పి చేతికింద ఒక చిన్న దిండు పెట్టుకుంటే నిద్ర పడుతుంది.

గట్టుమీది కసరత్తు

తీవ్రమైన నొప్పి తగ్గిన తరువాత ఈ మూడింటిని రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి పదేసి మార్లు చేయండి.

నిటారుగా కూర్చుని, చూపు ఎదురుగా ఉంచి, గడ్డాన్ని సూటిగా వెనుకకు జరపాలి. తల వంచకూడదు, ఎత్తకూడదు. ఐదు అంకెలు లెక్కించి వదలాలి. రెండవది, భుజాలు చెవులవైపు లేవకుండా, వెనుక రెక్క ఎముకలను ఒకదానికొకటి దగ్గరకు తీసుకురావాలి. మూడవది, గోడకు ఎదురుగా నిలబడి, రెండు ముంజేతులను గోడకు ఆనించి, నొప్పి లేనంతమేరకు మెల్లగా పైకి జరిపి దించాలి. కసరత్తు చేస్తున్నప్పుడు నొప్పి చేతిలోకి దిగినట్లు తోస్తే ఆపివేయాలి.

ఈ అన్నింటినీ చేస్తూ, మిగిలిన రోజంతా సెల్‌ఫోన్‌మీదకు మెడ వంచి కూర్చుంటే ఫలితం ఉండదని వేరుగా చెప్పనవసరం లేదు.

తైలం పనికిరాని నొప్పి

పాఠకులు ఈ భాగాన్ని మిగిలినవాటికంటె జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను.

కొన్నేళ్ల క్రితం, 52 ఏళ్ల ఒక వర్తకుడు ఎడమభుజం నొప్పితో వచ్చాడు. కొత్తగా ఈత మొదలుపెట్టాడు. "ఈతవల్లనే పట్టేసింది, మంచి తైలం ఇప్పించండి" అన్నాడు. చేయి పైకెత్తించాను, ఎత్తగలిగాడు, నొప్పి పెరగలేదు. భుజాన్ని అన్నివైపులా నొక్కి చూశాను; ఎక్కడా నొప్పి లేదు. మెడ తిప్పించాను; తేడా లేదు. "మరి నొప్పి ఎప్పుడు వస్తుంది?" అంటే, "మెట్లు ఎక్కితే వస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది" అన్నాడు. తైలం సీసా పక్కన పెట్టి, అప్పటికప్పుడు అతనిని గుండెవైద్యుల వద్దకు పంపాను. హృదయానికి రక్తం తీసుకువెళ్లే నాళాలలో అడ్డంకి ఉన్నట్లు తేలింది. ఇప్పుడు కుశలంగా ఉన్నాడు.

కదిలిస్తే పెరిగేది, నొక్కితే తెలిసేది సాధారణంగా కండరాల, కీళ్ల నొప్పి. కదలికతో సంబంధం లేక, శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే నొప్పిని ఈతమీదకు నెట్టకూడదు. రొమ్ములో బిగువు, చెమటలు, ఆయాసం తోడైతే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

చేతి వేళ్లకు తిమ్మిరి, పట్టుకున్న వస్తువు జారిపోవడం, నడకలో తూలడం, పడిన తరువాతగాని వాహనప్రమాదం తరువాతగాని మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన మెడబిగువు, నిద్రలోంచి లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం – వీటిలో ఏది ఉన్నా గృహచికిత్స ఆపి పరీక్షలు చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి ఈతతో నిమిత్తం లేకుండానే భుజం బిగుసుకుపోవచ్చు. వారు రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుకోవడం అత్యవసరం. ఆరు వారాల శ్రద్ధగల చికిత్సకు లొంగని నొప్పిని కూడా వైద్యునికి చూపించాలి.

ఈత మానలేదు

నాకు పూర్తిగా తగ్గిందా అని పాఠకులు అడగవచ్చు. చాలావరకు తగ్గింది. నాలుగు నెలలకు చేయి పై అరను అందుకుంది. నాడి పట్టినప్పుడు వణకు లేదు. ఇప్పుడు రోజుకు 600 మీటర్లు ఈదుతున్నాను; కొంత ఫ్రీస్టైల్, కొంత వెల్లకిలా. 1000 మీటర్ల లెక్కను వదిలివేశాను. చలికాలపు ఉదయాలలో మెడ ఇంకా కొంచెం బిగుసుకుంటుంది. ఆ రోజున తైలం, స్వేదం, నీటిలో నడక. రెండుసార్లు నొప్పి తిరగబెట్టింది. రెండుసార్లూ నేను పాత కాలువ ఈతలోకి జారిపోయిన వారమే అది.

కారణం తెలిసిన తరువాత భయం లేదు. ఇన్నేళ్లు రోగులకు చెప్పిన నిదాన పరివర్జనాన్ని నా విషయంలో నేనే పాటించలేదు. మందు సేవించడం సులభం, అలవాటు విడవడం కష్టం. అందుకే అందరమూ మందునే కోరుకుంటాము. మీ భుజానికి తైలం రాయించుకునే ముందు, మీరు ఈదుతుండగా ఎవరినైనా ఒడ్డున నిలబెట్టి చూడమని చెప్పండి. చిన్నపిల్లయినా సరే. వారికి కనిపించినది వినండి. ఆ తరువాత తైలం తప్పక పనిచేస్తుంది.